ఒరగని బండి

ఆ గురువారం పొద్దున ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా వేలాడుతోంది. వాన పడలేదు, మబ్బు విడిపోనూ లేదు. తూర్పున ఒక్కచోట మాత్రం చిరుగు పడి, అందులోంచి వెలుతురు కారీ కారనట్టు కారుతోంది. ఈ సంగతంతా గుడ్లాయనకి తలుపు తీయకముందే తెలుసు. వేళ్ల కణుపులు ముందే కబురు చెప్పాయి.

పేరు గుడ్లాయనే గాని ఆయన కోళ్లు పెంచడు, గుడ్లు మోస్తాడు. ఊరి వెలుపల ఎవరో గుప్పెట్లో పట్టి విసిరేసినట్టు పదకొండు ఇళ్లున్నాయి. ఒక ఇంట్లో పది గుడ్లుంటే ఇంకో ఇంట్లో పాతిక. పొద్దున్నే సైకిలెక్కి గేటుగేటుకీ ఆగి, ఆరు ట్రేలు నింపుకుని, ఎనిమిదింటికల్లా పట్నంలో ఆసుపత్రి వంటింటి వెనక దింపాలి. తొమ్మిది కిలోమీటర్లు. నలభై ఏళ్లుగా అదే దారి. ఆ నలభై ఏళ్లలో ఆయన నోరు విప్పి ఆడిన మాటలన్నీ పోగేస్తే ఒక్క ట్రే నిండదని భార్య అంటుంది.

కీళ్లవాతం ముందు మోకాళ్లలో దిగింది, తర్వాత వేళ్లలోకి పాకింది. రెండేళ్లుగా ఆయన సైకిలెక్కే తీరు చూసినవాళ్లు మొహం తిప్పుకునేవారు. గడప మెట్టు పక్కన సైకిలు నిలబెట్టి, ఎడమకాలు మెట్టు మీద పెట్టి, కుడికాలిని రెండు చేతులతో ఎత్తి, ఎవరిదో బస్తా అన్నట్టు అవతలికి వేసేవాడు. ఆ వారంలోనే ఒకరోజు మోకాలు వంగనంది. ఇంకోరోజు వేళ్లు బ్రేకు మీద మూసుకోలేదు. సైకిలు తోసుకుంటూ నడిచి వెళ్లేసరికి పదైంది. ఆసుపత్రి పెద్దవంటమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"బాబాయ్, నాకు నీ మీద కోపం లేదు. రోగులకి ఆకలి ఉంది. ఇంకొక్కసారి ఎనిమిది దాటిందంటే వ్యానువాడికి చెప్పేస్తా" అంది. "సోమవారం దాకా గుడ్లు లేకుండానే సర్దుకుంటా. ఈలోగా ఏదో ఒకటి చూసుకో."

వ్యానువాడు పది గుడ్లున్న గేటు దగ్గర బండి ఆపడు. ఆ పదకొండు ఇళ్ల మాట అటుంచితే, గుడ్లాయనకి కళ్లముందు ఆడుతున్నది తన అన్న. ఆయనకీ ఇదే జబ్బు. ఓ రోజు "ఇవాళ్టికి కూర్చుంటా" అని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. ఆరేళ్లు కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ కుర్చీని గుడ్లాయనే మోసి అవతల పడేశాడు.

అందుకే ఆ గురువారం బావమరిది ఒక బండిని నడిపించుకుంటూ వాకిట్లోకి వచ్చినప్పుడు ఆయన పొమ్మనలేదు. రమ్మనీ అనలేదు.

బావమరిదికి పట్నంలో సైకిళ్ల షాపు. నోరు ఖాళీగా ఉంటే తుప్పు పడుతుందని నమ్మినవాడు.

"బావా! ఇదిగో నీ రథం" అన్నాడు. "ముందు ఒకటి, వెనక రెండు. మొత్తం మూడు చక్రాలు. కరెంటుతో నడుస్తుంది. వెనక ఈ పెట్టెలో ఆరు ట్రేలేం ఖర్మ, మా అక్కయ్యని కూడా వేసుకుపోవచ్చు."

"నన్నెందుకురా మధ్యలో లాగుతావు?" అంది అక్కయ్య చీపురుతో సహా బయటికొచ్చి. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. "ముక్కాలిపీటకి చక్రాలు పెట్టినట్టుంది."

"ముక్కాలిపీట మీద కూర్చుని ఎవరన్నా పడ్డారా అక్కా? అదీ దీని గొప్ప."

బావమరిది ఒక్కొక్కటే చూపించాడు. కాలు ఎత్తక్కర్లేకుండా మధ్యలో కిందికి వంగిన కమ్మీ. మెలితిప్పే పిడికి బదులు బొటనవేలితో నొక్కే మీట. వేళ్లు పూర్తిగా మూయక్కర్లేకుండా హ్యాండిలుకి చుట్టిన లావుపాటి స్పాంజి గొట్టాలు. బ్రేకు పిడుల్ని ఇంత దగ్గరికి లాగి బిగించాడు.

"పెడలు కొంచెం కదిపితే చాలు, మిగతాది మోటారు చూసుకుంటుంది. మోకాళ్ల మీద బరువు పడదు, తిరగడం ఒక్కటే. తిరిగే కీలుకి తుప్పు పట్టదు బావా. డాక్టరు కూడా అదేగా చెప్పింది?"

గుడ్లాయన బండిని చాలాసేపు చూశాడు. "సరే" అన్నాడు.

నలభై ఏళ్లు సైకిలు తొక్కినవాడికి మూడు చక్రాలొక లెక్కా అని ఇద్దరూ అనుకున్నారు. ఆయనా అనుకున్నాడు. అక్కడే వచ్చింది తిరకాసు.

సైకిలు మీద పోయేవాడికి ఒంట్లో ఒక చదువు ఉంటుంది. ఎవరూ నేర్పరు, ఎప్పుడొచ్చిందో తెలీదు. ఎడమకి పడబోతే ఎడమకే హ్యాండిలు తిప్పాలి, అప్పుడు సైకిలు లేచి నిలబడుతుంది. మలుపు వస్తే ఒళ్లు ఒరగాలి, హ్యాండిలు దానంతటదే వెంట వస్తుంది. ఈ బండి ఒరగదు. రోడ్డేమో మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా ఉంటుంది. అంచున పోతుంటే బండి మొత్తం కాస్త ఎడమకి వాలి ఉంటుంది. గుడ్లాయన ఒళ్లు "పడుతున్నావురోయ్" అని కేక వేసింది. చేతులు నమ్మకస్తుల్లా ఎడమకి తిప్పాయి. బండి చెప్పినట్టు విని, తిన్నగా వెళ్లి కాలవలో దిగింది.

బావమరిది ముందుజాగ్రత్తగా ట్రేల్లో గుడ్లకి బదులు బంగాళాదుంపలు పెట్టించాడు. అవి తలో దిక్కూ దొర్లాయి.

"మొదటిసారి కదా" అన్నాడు బావమరిది దుంపలు ఏరుతూ.

రెండోసారి కూడా అదే కాలవ. మూడోసారి, పడిపోతున్నానన్న భయంతో అలవాటుగా కాలు కింద పెట్టాడు. వెనకచక్రం మెల్లగా వచ్చి ఆయన మడమ మీదే ఎక్కింది.

"తన కాలు తానే తొక్కించుకున్న మొనగాణ్ణి నిన్నే చూశా బావా" అన్నాడు బావమరిది. నవ్వబోయి, బావ మొహం చూసి మానేశాడు.

శుక్రవారం పక్కింటివాళ్ల క్యాబేజీ మడిలోకి పోయాడు. ఆగి ఉన్నప్పుడు పెడలు మీద కాలు వదిలేస్తే మోటారుకి అది కదలమన్న సైగ. పక్కింటావిడ కంచె దగ్గరికొచ్చి, "ఏం గుడ్లాయనా, ఇక క్యాబేజీలు కూడా నువ్వే మోస్తావా?" అంది. ఆయన విరిగిన మొక్కని నిలబెట్టి మట్టి ఎగదోశాడు. అది మళ్లీ వాలింది. మళ్లీ నిలబెట్టాడు.

శనివారం కాలవ రెండుసార్లు. ఆ సాయంత్రం భార్య ఆయన చేతుల్ని గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ముంచి ఒక్కొక్క వేలూ నిమురుతూ కూర్చుంది. నీళ్లు చల్లారితే మళ్లీ పోసింది. ఆవిడ ఇంత సేపు మాట్లాడకపోవడం ఆయనకి కొత్త. కాళ్లకింద చీమ పాకినట్టు ఇబ్బందిగా అనిపించింది.

"ఏదో ఒకటి అనవే" అన్నాడు.

"ఏమనాలి? నువ్వు పట్టిన కుందేలికి రెండే చక్రాలాయె."

ఆయన మూతి ఒకవైపుకి కదిలింది. ఆ ఇంట్లో దాన్ని నవ్వంటారు.

ఆదివారం బావమరిది వచ్చేసరికి గుడ్లాయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"తీసుకుపో" అన్నాడు.

"అదేంటి బావా, రేపే కదా..."

"నాకు రాదు."

ఇంతలో వెనక వాకిట్లో ఏదో గరగరమంది. చూస్తే బండి కదులుతోంది. బట్టలుతికే చోట అడ్డంగా ఉందని దాన్ని జరపడానికి వెళ్లిన అక్కయ్య, తోస్తే బరువుగా ఉందని సీటెక్కి కూర్చుని, బొటనవేలితో మీట నొక్కింది. కట్టెల మోపు చుట్టూ తిరిగి, బట్టల తీగ కింద తల వంచి, నీళ్ల తొట్టిని తప్పించుకుని, వాళ్లిద్దరి ముందుకొచ్చి ఆగింది. జన్మలో సైకిలు హ్యాండిలు పట్టని మనిషి.

"ఇందులో ఏముందయ్యా?" అంది. "ఎటు తిప్పితే అటు పోతోంది."

బావమరిది తొడ చరుచుకున్నాడు. "మా అక్కకి సైకిలు రాదు! అందుకే వచ్చింది! బావా, నీకు మరిచిపోవాల్సింది నలభై ఏళ్లది ఉంది, దీనికి ఏమీ లేదు!"

"ఎవర్రా దీనికి ఏమీ లేదన్నది?" అని అక్కయ్య బండి దిగి చీపురు కోసం చూసింది.

గుడ్లాయన లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఆవిడ వెనకే వెళ్లింది. ఆయన కిటికీ వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. కూర్చోలేదు. అది ఆవిడ గమనించింది.

"ఎలా?" అని అడిగాడు, అటు తిరిగే.

"నువ్వు దాన్ని నిలబెట్టాలని చూస్తున్నావు. అది నిలబడే ఉంది. నీ సాయం దానికక్కర్లేదు."

ఆయన కిటికీ దగ్గర్నుంచి కదిలాడు. తర్వాత బయటికొచ్చి బావమరిదితో, "ఉండనీ" అన్నాడు.

సోమవారం తెల్లవారేసరికి చేతులు వాచి ఉన్నాయి. నాలుగురోజులు హ్యాండిలు మీద పోట్లాడిన ఫలితం. వేళ్లు మొద్దుబారి, స్పాంజి గొట్టం మీద కూడా మూసుకోలేదు. ఎక్కువ రోజుల్లో గంటా రెండు గంటలకి కాస్త సడలుతాయి. అంత వ్యవధి లేదు.

భార్య అప్పటికే చెప్పులేసుకుంది. ట్రేలు పెట్టెలో పెట్టి, ముందువైపు అడ్డంగా ఒక పలక వేసి, దాని మీద మడతదుప్పటి పరిచింది.

"పద. నేను తోల్తా."

"దారి తెలీదు నీకు."

"నువ్వు వెనకాల ఉంటావుగా చెప్పడానికి. మాట్లాడాల్సొస్తుందని భయమా?"

ఆయన పలక మీద ఎక్కి కూర్చున్నాడు. ట్రేలు మోకాళ్ల మధ్య పెట్టుకుని, చేతులు మూయలేక, మోచేతులతో చుట్టూ పట్టుకున్నాడు.

"ఎడమ" అన్నాడు. కాసేపయ్యాక, "గొయ్యి" అన్నాడు. "కుడి. ఆగు. ఇదే."

మొదటి గేటు దగ్గర ముసలాయన గుడ్ల బుట్ట పట్టుకుని నోరు తెరిచాడు. "ఏం గుడ్లాయనా, పెళ్లాం ఊరేగిస్తోందే!"

"దింపేసి పొమ్మంటారా బాబాయ్‌గారూ? మీ కోళ్లతో కలిపి ఉంచుకుంటారా?" అంది భార్య.

"వద్దమ్మా తల్లీ! ఈ పుంజు కూత కుయ్యదు."

ఆవిడ గుడ్లని రెండేసి తీసి చెవి దగ్గర ఒకదాన్నొకటి తాకించేది. పగులు లేని గుడ్డు రాయిలా పలుకుతుంది, బీట ఉన్నది మూగగా ఉంటుంది. ఇంట్లో కూర్చుని ఇన్నేళ్లూ చేసిన పనే అది. గేట్ల దగ్గర నిలబడి చేయడం మాత్రం ఇదే మొదటిసారి. తన మొగుడు రోజూ చూసే గేట్లు, కుక్కలు, మనుషులు ఇవన్నమాట అనుకుంది కాబోలు, ప్రతి గేటు దగ్గరా ఒక్క క్షణం ఎక్కువే నిలబడింది. అయిదో ఇంటి కుక్క పరుగున వచ్చి గుడ్లాయన వాచిన చేతిని నాకింది. "నీకింత చుట్టరికం ఉందా ఈ దారిలో?" అంది ఆవిడ. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

పదకొండో ఇల్లు దిబ్బ మీద ఉంది. అక్కడికి ఆరు ట్రేలూ నిండాయి. ఏడుంపావు. అక్కణ్ణుంచి రోడ్డు జారుడుబల్లలా కిందికి దిగి, కల్వర్టు దగ్గర ఎడమకి తిరుగుతుంది. ఆయన ఆ పల్లాన్ని సైకిలు మీద పద్నాలుగువేల సార్లయినా దిగి ఉంటాడు. అందుకే చెప్పడం మరిచిపోయాడు. ఒంటికి తెలిసిన సంగతి నోటిదాకా రాదు.

బండి వేగం అందుకుంది. ఆవిడ మీట మీద నుంచి వేలు తీసేసింది. అయినా ఆగదేం! మోటారు ఆపితే ఆగుతుందనుకుంది, పల్లం తోస్తుందని తెలీదు.

"బ్రేకు!" అన్నాడు ఆయన. గొంతు ఎప్పుడూ అంత పెద్దగా రాలేదు.

ఆవిడ నొక్కింది. కాస్త తగ్గింది. మలుపు ఎదురొచ్చింది. హ్యాండిలు ఎడమకి తిప్పింది. ఎడమవైపు వెనకచక్రం నేల వదిలేసింది. వదిలేసి గాలిలో తిరగడం ఆయన చూశాడు. బండి కుడికి, కాలవ మీదికి, లేచిపోతోంది.

ఆయన ఆలోచించలేదు. ట్రేల దొంతరని ఛాతీకి అదుముకుని ఎడమకి ఒరిగాడు. నడుము దాకా బండి బయటికి, భుజం చక్రం మీదికి, చెవి దుమ్ము దగ్గరికి. ఆ వయసులో మోకాళ్లు కెవ్వుమన్నాయి. గాలిలో చక్రం ఒక్కసారి ఊగి, ధబ్బున నేల మీద కూర్చుంది. బండి మలుపు తిరిగి, కల్వర్టు దాటి, చదునులో తనంతట తానే ఆగింది.

ఆవిడ ఇంకా హ్యాండిలు వదల్లేదు.

"ఏం చేశావయ్యా?" అంది ఆవిడ, తల తిప్పకుండా.

"ఒరిగాను."

"ఒరగొద్దు ఒరగొద్దని నాలుగురోజులుగా వాడు మొత్తుకుంటుంటే?"

"హ్యాండిలు నీ దగ్గరుంది. నా దగ్గర ఒళ్లే ఉంది" అన్నాడు. అని, తనే ఆ మాట విన్నాడు. సైకిలు మీద చేతులూ ఒళ్లూ ఒక్క పనే చేస్తాయి. ఇక్కడ తిప్పడం చేతుల పని, ఒరగడం ఒంటి పని. ఒకదాని పనిలో ఇంకొకటి వేలు పెట్టకూడదు.

ఆవిడ బండి దిగింది. చేతులు హ్యాండిలు మీద నుంచి తీయగానే వణకడం మొదలుపెట్టాయి. ఎంత అదిమి పట్టుకున్నా ఆగడం లేదు.

"ఇక నావల్ల కాదు" అంది. "కోప్పడకు. నిజంగా నావల్ల కాదు."

టైము ఏడు ముప్పై. మూడు కిలోమీటర్లు. గుడ్లాయన తన చేతుల వంక చూసుకున్నాడు. మూయబోతే సగం దాకా వచ్చి ఆగాయి. పలక దిగి ముందు సీటు మీద కూర్చుని, వేళ్లతో పని లేకుండా అరచేతుల్ని గొట్టాల మీద ఆనించాడు. బొటనవేలు మీట దాకా పోయింది. బ్రేకు పిడి మీద మూడు వేళ్లు కొక్కెంలా వేసి చూసుకున్నాడు, లాగితే కదిలింది.

"ఎక్కు" అన్నాడు.

బండి కదిలింది. రోడ్డు ఎడమకి వాలి ఉంది. పది గజాలు పోగానే ఒళ్లు మళ్లీ "పడుతున్నావు" అంది. చేతులు బిగిశాయి. ముందుచక్రం కాలవ వైపు తల తిప్పింది.

వెనక నుంచి భార్య మాట్లాడటం మొదలుపెట్టింది. దారి గురించి కాదు. వాళ్ల తమ్ముడు ఆదివారం తిని వెళ్లిన మూడు పళ్లేల గురించి. పక్కింటావిడ క్యాబేజీ మొక్కకి సానుభూతి తెలపడానికి వచ్చిన చుట్టుపక్కలవాళ్ల గురించి. వంటింటి కప్పులో కారే చోటు గురించి, దాని కింద పెట్టాల్సిన గిన్నె తమ్ముడు పట్టుకెళ్లి తిరిగివ్వకపోవడం గురించి.

"ఏ గిన్నె?" అన్నాడు గుడ్లాయన.

"అంచు సొట్టపోయిందే, అది."

"అది వాడికెందుకు?"

"అదే నేనూ అడిగాను. షాపులో నూనె పట్టుకోవడానికట! నా గిన్నెలో నూనె!"

ఆయన ఆ గిన్నె గురించి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. మధ్యలో ఒక మలుపు వచ్చింది. చేతులు తిప్పాయి, ఒళ్లు ఒరిగింది, మలుపు వెళ్లిపోయింది. మోకాళ్లు మెత్తగా తిరుగుతున్నాయి, నొప్పి ఉంది గాని దారిలో అడ్డం పడుకున్న నొప్పి కాదు, పక్కన నడిచొచ్చే నొప్పి. ఆవిడ చేతుల వణుకు ఆయన సీటు వెనక కమ్మీలోంచి తెలుస్తూనే ఉంది. నోరు మాత్రం ఎక్కడా తడబడలేదు.

ఆసుపత్రి వెనక గేటు దగ్గరికి చేరేసరికి ఎనిమిదికి నాలుగు నిమిషాలుంది.

పెద్దవంటమ్మ గుమ్మంలోకి వచ్చింది. ముందు బండిని, తర్వాత దుమ్ము కొట్టుకున్న ఆయన ఎడమచెవిని, తర్వాత వెనక కూర్చున్న మనిషిని చూసింది. ట్రేలు దించించి ఒక్కొక్కటే తడిమింది.

"మూడు పోయాయి బాబాయ్."

"నాలుగు" అన్నాడు. "అడుగు ట్రేలో, మూల."

ఆవిడ తీసి చూసింది. అవునని తలూపింది. "రేపు కూడా ఈ టైముకే" అని, గోడకి అతికించిన వ్యానువాడి నంబరు కాగితం ఊడదీసి పొయ్యి కింద పడేసింది. "రండి, లోపలికి రండి. అమ్మా, మీరు కూడా."

రోగులకి పంపేసిన తర్వాత మిగిలిన జావ ఉంది, రొట్టె ఉంది. వంటింటి మూల రేకు బల్ల దగ్గర మూడు గిన్నెలు పెట్టింది. తనూ ఒక స్టూలు లాక్కుని కూర్చుంది. తెల్లవారుజాము నుంచి ఆమె కూర్చోవడం అదే మొదలు.

గుడ్లాయన చెంచాని వేళ్ల సందుల్లో ఇరికించుకున్నాడు. పక్కన భార్య చెంచా గిన్నె అంచుకి తగిలి టకటకలాడుతోంది. ఆయన ఎడమచేతి వాచిన అరచేతిని ఆవిడ మణికట్టు మీద ఆనించాడు. బరువుగా, కదలకుండా. చెంచా నోటిదాకా వెళ్లింది. మళ్లీ గిన్నెలోకి వచ్చింది, మళ్లీ వెళ్లింది. ముగ్గురూ తలలు వంచుకుని జావ అడుగంటేదాకా తిన్నారు.